ఎసట్లో బియ్యం పడకముందే

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇళ్ళలో పీర్ మహమ్మద్ ఇల్లు ఒకటి. దుర్గం కొండ మీది నుంచి నర్ది కర్ర, కలివి కర్ర తెచ్చి, నీడన ఆరబెట్టి, బాడిసెతో చెక్కి, ఆకురాయితో నునుపుగా రాకి గరిటెలూ దువ్వెనలూ చేసేవాడు. ఆ పని తండ్రి నుంచి వచ్చింది. నిఖాలు చదివే పని మాత్రం పిల్లనిచ్చిన మామ నుంచి వచ్చింది.

మామ ఖాసీం సాహెబ్ ఆ చుట్టుపక్కల పల్లెలకు నాయబు. నెల్లూరులో ఉండే పెద్ద ఖాజీ తరఫున ఊళ్ళలో సాయిబుల పెండ్లిళ్ళు జరిపించే మనిషిని నాయబు అంటారు. ఇటు వరికుంటపాడు, అటు మర్రిపాడు దాకా ఎవరింట్లో నిఖా అయినా ఖాసీం సాహెబ్ బండి కదలాల్సిందే. ఆయనకు మగపిల్లలు లేరు. మోకాళ్ళు పట్టేసి బండి ఎక్కడం కష్టమైనాక అల్లుణ్ణి వెంట తిప్పుకొని పని నేర్పాడు.

"నిఖాలో చదివే ఖుత్బా ఎవురైనా నేర్చుకుంటారు అబ్బాయా. ఒక వానకాలం చాలు. పెండ్లి చేసేవాడికి కావాల్సింది నోరు కాదు, చెవులు," అనేవాడు.

బండిలో పోతూ వస్తూ చెప్పిన మాటలే ఆయన చదువు. పెండ్లివారింటికి వేళ కంటే ముందే చేరుకో. నిఖా కాకముందు వాళ్ళింట్లో మెతుకు ముట్టొద్దు, తిన్నవాడి నోరు మెత్తబడతాది. పెండ్లికొడుకు పెండ్లికూతురికిచ్చే మెహర్ ఎంతో, అందులో ఇప్పుడిచ్చేదేదో, తర్వాత ఇచ్చేదేదో రెండు వైపులవాళ్ళ చేతా నలుగురిలో గట్టిగా చెప్పించు. పెండ్లికొడుకు ముఖం మీది పూలు పక్కకు తీయించి, కళ్ళల్లోకి చూసి అడుగు. పెండ్లికూతురి మాట తెచ్చే వకీలూ, వెంట పోయే ఇద్దరు సాక్షులూ తమ చెవులతో విన్నామని చెప్పాలి. కన్నెపిల్లను తండ్రే అడిగితే మౌనంగా ఉన్నా ఒప్పుకున్నట్టే లెక్క. మొగుడు పోయిన మనిషికి మాత్రం మౌనం చెల్లదు, నోరు తెరిచి చెప్పాలి. అన్నీ అయినాక ఎక్కువసేపు కూర్చోవద్దు. "నాయబు కూర్చుంటే ఊళ్ళో తగాదాలన్నీ వచ్చి ఆయన ఒళ్ళో కూర్చుంటాయి," అని నవ్వేవాడు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది చలికాలంలో ఖాసీం సాహెబ్ పోయాడు. పెద్ద ఖాజీ పీర్ మహమ్మద్‌ను నాయబుగా వేశాడు. భార్య ఖాదర్‌బీ తన తండ్రి తెల్ల జుబ్బాను విప్పి, మొగుడి కొలతకు మళ్ళీ కుట్టి ఇచ్చింది. పీర్ మహమ్మద్ మెల్లగా మాట్లాడే మనిషి. ఎవరితోనూ గట్టిగా వాదించింది లేదు. అలాంటివాడు ఒక పెండ్లి ఆపుతాడని ఆ రోజుల్లో ఎవరైనా అని ఉంటే ఊళ్ళో నమ్మేవాళ్ళు కాదు.

ఆ పెండ్లి మర్రిపాడు పక్క పల్లెలో. మేకలమందా ఎద్దులబండీ ఉన్న వలి అనే ఆయన తన చెల్లెలు జైతూన్‌బీకి రెండో పెండ్లి తలపెట్టాడు. జైతూన్‌బీ మొగుడు కలరాలో పోయాడు. అప్పటి నుంచి ఆమె తన చిన్న కూతురు మాబున్నితో అన్న ఇంట్లోనే ఉంటోంది. పెండ్లికొడుకు దస్తగిరిది బద్వేలు. లారీ మీద పని. అతనికీ పెండ్లాం పోయింది, ఇద్దరు మగపిల్లలు. విన్నవాళ్ళంతా ఈడూ జోడూ కుదిరిందన్నారు.

అవి కంట్రోలు రోజులు. బియ్యం దొరకడమే గండం. వలి సోమశిల దాకా తిరిగి, చుట్టాల దగ్గర మానికా తవ్వా కూడబెట్టి, విందులో వడ్డించే కుష్కా అన్నానికి సరిపడా బియ్యం తెచ్చాడు. పీర్ మహమ్మద్ పొద్దెక్కేసరికి పల్లె చేరాడు. ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి వేశారు. వెనకవైపు డేగిసాలు పొయ్యి మీద ఉన్నాయి. పందిరి గుంజ దగ్గర మాబున్ని కొత్త పావడా కట్టుకొని, చిన్న గుడ్డమూట ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉంది.

"మూటలో ఏంది బిడ్డా?" అని అడిగాడు పీర్ మహమ్మద్.

"నా గుడ్డలు. మేము లారీలో పోతాం. లారీ ఎప్పుడొస్తాది?"

"వస్తాదిలే," అన్నాడు.

మధ్యాహ్నం నమాజు అయినాక అందరూ పందిట్లో కూర్చున్నారు. దస్తగిరిని చాప మీద కూర్చోబెట్టారు. మెహర్ మాట తెగింది. వకీలుగా వలి మేనమామ, సాక్షులుగా ఇద్దరు బంధువులు లోపలికి పోయి, తొందరగానే తిరిగి వచ్చారు.

"ఒప్పుకుంది నాయబ్ సాబ్. కానీయండి," అన్నాడు వకీలు.

"ఏమనింది?" అని అడిగాడు పీర్ మహమ్మద్.

"ఏమనేదేంది? తల ఊపింది."

పీర్ మహమ్మద్ మొదటి సాక్షి వైపు చూశాడు. "ఊ అనింది," అన్నాడతను. రెండో సాక్షి నేల చూపులు చూస్తూ, "నేను గడప దగ్గర నిలబడినా సాబ్. ఏడుస్తా ఉంటే వినపడింది," అన్నాడు.

"పెండ్లిలో ఏడవని ఆడది ఉంటాదా?" అన్నాడు వలి వెనక నుంచి.

ముగ్గురు మూడు మాటలు తెచ్చారు. ఖుత్బా మొదలుపెట్టడానికి సర్దుకున్న జుబ్బా అంచును పీర్ మహమ్మద్ వదిలేశాడు. పందిరంతా తనవైపే చూస్తోంది. మామ బతికుంటే ఏం చేసేవాడా అనుకున్నాడు. ముగ్గుర్నీ మళ్ళీ పంపితే మళ్ళీ తల ఊపిందనే చెబుతారు. లేచి నిలబడ్డాడు.

"ఆమెకు ఇది రెండో నిఖా. మాట వినపడాల. నేనే అడిగి వస్తా," అన్నాడు.

లోపలి గదికి అడ్డంగా దుప్పటి కట్టి ఉంది. దాని ఇవతల నిలబడి, అవతలి ఆడవాళ్ళను కాసేపు మాట్లాడకుండా ఉండమని చెప్పాడు. గాజుల చప్పుడు ఆగింది.

"అమ్మా జైతూన్‌బీ, బద్వేలు దస్తగిరితో నీ నిఖాకు ఒప్పుకుంటా ఉండావా? తల ఊపితే నాకు కనపడదు. నీ నోటితో చెప్పాల."

మళ్ళీ అడిగాడు. అప్పుడు సన్నగా, అయినా స్పష్టంగా ఒక గొంతు వినిపించింది.

"ఒప్పుకోకపోతే ఏమవుతాది చిచ్చా?"

ఇన్నేళ్ళలో ఏ పెండ్లికూతురూ ఆయన్ను అడగని ప్రశ్న అది. జవాబు మాత్రం తెలిసిందే.

"నిఖా కాదమ్మా."

"మా అన్న ఏమంటాడు?"

"మీ అన్నకు నేను చెప్తా."

దుప్పటి కొద్దిగా కదిలింది. "నా బిడ్డను నాతో రానిస్తారని చెప్పినారు చిచ్చా. దానికి కూడా అట్టే చెప్పి మూట కట్టించినారు. పొద్దున తలంటేటప్పుడు బద్వేలు ఆడోళ్ళు అన్నారు, పిల్ల ఇక్కడే ఉండిపోతాదంట. అన్నను అడిగితే ముందు నిఖా కానీ, తర్వాత చూద్దాం అన్నాడు. బిడ్డను వదిలిపెట్టి నేను పోను. ఒప్పుకోను."

ఎవరో ముసలామె ఆమె నోరు మూయబోయినట్టు పెనుగులాట వినపడింది. పీర్ మహమ్మద్ అక్కడ నుంచి కదిలి పందిట్లోకి వచ్చాడు. మెత్తగా చెప్పే దారి ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాడు. దొరకలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. బిడ్డ తనతో వస్తేనే పెండ్లికూతురు ఒప్పుకుంటుందని, లేకపోతే లేదని చెప్పి, దస్తగిరి ఎదురుగా కూర్చుని అతని ముఖం మీది పూలదండలు పక్కకు తీశాడు.

"నీ మాట ఏంది నాయనా?"

దస్తగిరి బిత్తరపోయాడు. "మేనమామ దగ్గర పెరగతాదని చెప్పినారు. తల్లికి కూడా అదే ఇష్టమన్నారు," అన్నాడు.

"ఇష్టం లేదని ఇప్పుడు తెలిసింది గదా."

పక్కనున్న అతని అన్న లేచాడు. "మా పిల్లోళ్ళకే కూడు చాలక చస్తా ఉంటే ఇంకొకరి బిడ్డను యాడ మొయ్యాలయ్యా? కుదరదు."

"నేను పెండ్లికొడుకును అడగతా ఉండా," అన్నాడు పీర్ మహమ్మద్ మెల్లగా.

దస్తగిరి అన్న ముఖం చూశాడు, లోపలి గది వైపు చూశాడు. తర్వాత పూలదండలు తలమీది నుంచి తానే తీసి చాప మీద పెట్టాడు. "మా అన్న మాటే నా మాట," అన్నాడు. ఆ మాట అనడానికి అతనూ కష్టపడ్డాడని పీర్ మహమ్మద్‌కు అనిపించింది.

మగపెండ్లివారు తినకుండానే లేచిపోయారు. ఊళ్ళోవాళ్ళకు ఉండాలో పోవాలో తెలియలేదు. తప్పిపోయిన పెండ్లిలో విస్తరి ముందు కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. వలి డేగిసాల దగ్గర నిలబడి ఉన్నాడు. కోపంతో అరుస్తాడని పీర్ మహమ్మద్ అనుకున్నాడు. అతను అరవలేదు.

"ఎవరెవరి కాళ్ళు పట్టుకొని తెచ్చినానో తెలుసా ఈ బియ్యం? తల ఊపింది చాల్లేదా నీకు?" అన్నాడు.

"చాల్లేదు వలీ."

"నా ఇంటి గడప ఇంక తొక్కొద్దు."

బండి కదిలేటప్పుడు మాబున్ని ఇంకా గుంజ దగ్గరే మూటతో కూర్చుని ఉంది. దారి పొడుగునా పీర్ మహమ్మద్‌కు ఆ మూటే కళ్ళల్లో మెదిలింది.

ఇంట్లో కూడా ఆయనకు నెమ్మది దొరకలేదు. కూతురు అమీర్‌బీకి ఆత్మకూరులో ఒక సంబంధం దాదాపు కుదిరి ఉంది. వాళ్ళు వలికి దగ్గరి చుట్టాలు. నెల తిరక్కుండానే వద్దని కబురు పెట్టారు. ఖాదర్‌బీ రెండు రోజులు పొయ్యి దగ్గర మాట్లాడకుండా పని చేసుకుంది. తర్వాత ఒక్కటే మాట అంది.

"మా నాయన ఇన్నేళ్ళు చేసినాడు. ఒక్క పందిరి కూలగొట్టలా."

మర్రిపాడు వైపు నుంచి పిలుపులు ఆగిపోయాయి. వలి నెల్లూరు పోయి ఖాజీ దగ్గర ఫిర్యాదు చేశాడు. రమ్మని కబురొస్తే పీర్ మహమ్మద్ ఆత్మకూరులో బస్సెక్కి వెళ్ళాడు. నాయబు పని తీసేస్తారనే అనుకున్నాడు. గరిటెలుంటే చాలులే అని బస్సులో తనకు తానే చెప్పుకున్నాడు గాని, మామ జుబ్బా తిరిగి పెట్టెలో పెట్టాల్సి వస్తుందని తలుచుకుంటే ఆ మాట నిలవలేదు.

ఖాజీ బాగా పెద్ద వయసాయన. చాప మీద కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పించుకొని విన్నాడు.

"నువ్వు చేసింది తప్పు కాదు. చేసిన వేళ తప్పు," అన్నాడు.

పీర్ మహమ్మద్ తలెత్తి చూశాడు.

"ఆ అమ్మాయిని ఎప్పుడు అడిగినావు? డేగిసాలు పొయ్యి మీదికి ఎక్కినాక, బంధువులంతా దిగినాక అడిగినావు. అప్పుడు వద్దు అనాలంటే ఎంత గుండె కావాల? ఆమెకు ఉండాది, అనింది. లేనివాళ్ళు ఎంతమంది తల ఊపి ఉంటారో నీకు తెలుసునా? అడగాలనుకుంటే ఎసట్లో బియ్యం పడకముందే అడుగు. పో, నీ పని నువ్వు చేసుకో."

పని పోలేదు. అయినా తిరుగు బస్సులో ఆయన మనసు తేలిక కాలేదు. తాను చదివిన నిఖాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. లోపలికి పోయిన వకీలు అడుగు తీసి అడుగు వేసినంతలో తిరిగి వచ్చిన పెండ్లిళ్ళు. ఒప్పుకుంది అనగానే తాను ఖుత్బా అందుకున్న పెండ్లిళ్ళు. ఆ దుప్పట్ల అవతల ఎవరెవరు కూర్చున్నారో ముఖాలు తెలియవు, కొందరి పేర్లు కూడా గుర్తులేవు. సంగం దాటినాక కిటికీలోంచి దుమ్ము కొడుతున్నా తలుపు వేసుకోలేదు.

తర్వాత వచ్చిన పెండ్లికి మూడు నాళ్ళ ముందే వరికుంటపాడు పోయాడు. పెండ్లికూతుర్ని అడగాలన్నాడు. తల్లి పక్కన కూర్చుంది, మేనత్త వాకిట్లో నిలబడింది, ఆ పిల్ల మోకాళ్ళలో తల పెట్టుకొని రాయిలా ఉండిపోయింది. పరాయి మగవాడు వచ్చి అడిగితే ఏ పిల్ల మాట్లాడుతుంది? వచ్చిన దారినే తిరిగొచ్చాడు. ఎలా అడగాలో ఆయనకు తెలియలేదు.

ఆ ఎండాకాలం చివర్లో జైతూన్‌బీ ఉదయగిరి వచ్చింది. కూతుర్ని చంకనెత్తుకొని, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ళతో వాకిట్లో నిలబడింది. పీర్ మహమ్మద్ కర్ర కోసం కొండకు పోయి ఉన్నాడు. ఖాదర్‌బీ ఒక్కతే ఉంది. చూడగానే ఎవరో ఊహించింది.

"నేను వలి చెల్లెల్ని ఖాలా. నా వల్ల మీ బిడ్డ సంబంధం పోయిందంట."

"పోయింది," అంది ఖాదర్‌బీ.

"అన్న నన్ను పొమ్మన్లా. ఆ ఇంట్లో నాతో ఎవురూ మాట్లాడరు. బిడ్డతో కూడా మాట్లాడరు. అది పలకరిస్తే ముఖం తిప్పుకుంటారు. దాన్ని చూడలేక వచ్చేసినా. ఇక్కడ గరిటెల పని ఆడోళ్ళు కూడా చేస్తారని విన్నా. నేర్పిస్తే చేస్తా."

ఖాదర్‌బీ రమ్మనలేదు, పొమ్మనలేదు. మాబున్ని పాదాల వైపు చూసింది. ఎండలో నడిచి బొబ్బలెక్కి ఉన్నాయి. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి పిల్ల కాళ్ళ మీద పోసింది. తర్వాత ఇద్దరికీ మజ్జిగన్నం పెట్టింది.

తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, చివరికి అడిగింది. "అంతమందిలో వద్దనడానికి నీకు భయం కాలేదా?"

"అయింది ఖాలా. ఒప్పుకోకపోతే ఏమవుతాదని చిచ్చాను అడిగినా. నిఖా కాదు అన్నాడు. నేను వద్దంటే పెండ్లి ఆగతాదని అంతవరకూ నాకు ఎవురూ చెప్పలా. మొదటి పెండ్లిలో కూడా చెప్పలా."

పీర్ మహమ్మద్ కర్రమోపుతో తిరిగొచ్చేసరికి జైతూన్‌బీ వసారాలో కూర్చుని ఒక గరిటెను ఆకురాయితో రాకడానికి ప్రయత్నిస్తోంది. ఖాదర్‌బీ పక్కన కూర్చుని, అలా కాదు, కర్ర గీత పోయే వైపే రాకాలని చెబుతోంది. ఆయన మోపు దించి, కాళ్ళు కడుక్కున్నాడు.

మర్నాడు ఉదయం ఖాదర్‌బీ మొగుడి పక్కకు వచ్చి కూర్చుంది.

"మన నిఖాలో నన్నెవురు అడిగినారు?"

"మీ నాయనే వకీలు. లోపలికొచ్చి అడిగి, ఒప్పుకుందని వచ్చి చెప్పినాడు."

"మా నాయన లోపలికి రాలా. గడప దాకా వచ్చి, గొంతు సవరించుకొని, వెనక్కి తిరిగినాడు. నేను చూస్తానే ఉండా."

పీర్ మహమ్మద్ చేతిలోని బాడిసె ఆగింది. చెవులు కావాలని చెప్పిన మనిషి, కూతురి దగ్గర ఎందుకు ఆగిపోయాడో ఆయనకు తోచలేదు. సిగ్గేమో. తన బిడ్డ కాదనదన్న ధీమా ఏమో. పోయినవాణ్ణి అడగలేం.

"అడిగి ఉంటే ఏమనేదానివి?" అన్నాడు.

"ఒప్పుకునేదాన్నే," అంది ఖాదర్‌బీ. "అయినా అడగాల్సింది." కొంగు సర్దుకొని లేస్తూ, "ఈసారి వరికుంటపాడు పోయేటప్పుడు నేను కూడా వస్తా. నువ్వు బయట కూర్చో," అంది.

అప్పటి నుంచి ఆ పద్ధతి మొదలైంది. పెండ్లి మాట ఖాయమైందని కబురు రాగానే, వంట సరుకులు కొనకముందే, ఇద్దరూ బండి కట్టుకొని పోయేవాళ్ళు. పీర్ మహమ్మద్ మగవాళ్ళతో వాకిట్లో కూర్చునేవాడు. ఖాదర్‌బీ పెండ్లికూతుర్ని వెంటబెట్టుకొని దొడ్లోకో, బావి దగ్గరికో పోయేది. ముందు అవీ ఇవీ మాట్లాడేది. తర్వాత అడిగేది. అడిగే ముందు, నువ్వు కాదంటే పెండ్లి కాదు అని తప్పకుండా చెప్పేది. ఆ మాట విన్నాక కొందరు పిల్లలు ఆమె ముఖం చూసేవాళ్ళు, నిజమా అన్నట్టు.

ఎక్కువమంది ఒప్పుకునేవాళ్ళే. ఒక పిల్ల, వచ్చేవాడు పొడుగాయనా పొట్టాయనా అని మాత్రం అడిగి తెలుసుకొని సరేనంది. ఇంకో పిల్లకు పెద్దలు చెప్పిన వయసు లేదు. ఆ సంగతి ఆమె నోటే బయటపడితే, పీర్ మహమ్మద్ తండ్రితో ఒంటరిగా మాట్లాడి రెండేళ్ళు ఆపించాడు. అప్పటికి బియ్యం కొనలేదు, చుట్టాలకు చెప్పలేదు. కాబట్టి ఎవరి పరువూ పోలేదు. కొన్ని ఊళ్ళవాళ్ళు మాత్రం ఆడమనిషిని వెంటబెట్టుకొచ్చే నాయబు మాకొద్దని వేరేచోటి నుంచి పిలిపించుకున్నారు. పీర్ మహమ్మద్ అందుకు బాధపడ్డాడు గాని, పద్ధతి మానుకోలేదు. తన కూతురు అమీర్‌బీకి ఉదయగిరిలోనే ఒక గరిటెల ఇంటి సంబంధం వచ్చినప్పుడు, తండ్రిగా తాను అడగకుండా జైతూన్‌బీ చేత అడిగించాడు. అమీర్‌బీ ఒక రాత్రి గడువడిగి, మర్నాడు ఒప్పుకుంది.

జైతూన్‌బీ రెండు వీధుల అవతల ఒక గది బాడుగకు తీసుకుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పీర్ మహమ్మద్ వసారాలో పని. దువ్వెన పళ్ళు కోయడంలో ఆమె చెయ్యి అందరికంటే కుదురు. మాబున్ని బడికి పోయేది. మళ్ళీ పెండ్లి మాట ఖాదర్‌బీ ఒకసారి ఎత్తితే, "ఇప్పుడు నన్ను అడగతా ఉండావా ఖాలా, చెప్తా ఉండావా?" అని నవ్వింది జైతూన్‌బీ. అడుగుతున్నానంది ఖాదర్‌బీ. అయితే వద్దంది. ఆ మాట అంతటితో సరి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన తర్వాతి ఏడాది వలి ఉదయగిరి వచ్చాడు. జుట్టు నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి. వాకిట్లోకి అడుగుపెట్టగానే వసారాలో చెల్లెలు కనిపించింది. ఆమె తలెత్తి చూసి, మళ్ళీ పని మీదికి వంగింది. వలి ఆమెను పలకరించలేదు. పీర్ మహమ్మద్ వేసిన చాప మీద కూర్చుని, తలపాగా విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నా బిడ్డకు సంబంధం కుదిరింది నాయబ్ సాబ్. అబ్బాయిది ఆత్మకూరు. నువ్వే రావాల."

"మీ వైపు వేరే నాయబు వస్తా ఉండాడు గదా?"

"వస్తా ఉండాడు." వలి వేలితో నేల గీకాడు. "నా బిడ్డే అడిగింది. ఉదయగిరి నాయబు పెండ్లాం వచ్చి అడిగితేనే చెప్తానంట. లేకుంటే నోరు తెరవదంట. నేను అడిగినా, వాళ్ళమ్మ అడిగినా ఒకటే మాట."

గడప తొక్కొద్దన్న మనిషి గడపకు వచ్చి కూర్చున్నాడు. గెలిచానన్న సంతోషం కోసం తనలో వెతికితే కనపడలేదు. ఆనాడు డేగిసాల దగ్గర ఒంటరిగా నిలబడిన వలి ముఖమే గుర్తుకొచ్చింది.

"ఆ రోజు నేను ముందే వచ్చి అడిగి ఉండాల్సింది వలీ. నీకు అంత అవమానం కాకపోను. అది నా తప్పు," అన్నాడు.

వలి తల ఎత్తలేదు. "బియ్యం ఇంకా కొనలా. ఎప్పుడొస్తారు?" అని మాత్రం అడిగాడు.

రెండు రోజులకు ఖాదర్‌బీ, పీర్ మహమ్మద్ వలి పంపిన బండిలో ఆ పల్లెకు పోయారు. ఖాదర్‌బీ వలి కూతుర్ని వెంటబెట్టుకొని మేకల దొడ్డి వైపు పోయింది. మగవాళ్ళిద్దరూ ఇంటి ముందు కూర్చున్నారు. వలికి కాళ్ళూ చేతులూ నిలవడం లేదు. ఒక మోకు తీసుకుని ముడి వేస్తాడు, విప్పుతాడు. సొంత బిడ్డ ఏం చెబుతుందో తెలియక ఒక తండ్రి అలా కూర్చోవడం పీర్ మహమ్మద్ ఇంతకు ముందు చాలాసార్లు చూశాడు. ప్రతిసారీ పక్కన కూర్చోవడం తప్ప ఆయన చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

ఖాదర్‌బీ తిరిగొచ్చింది.

"ఒప్పుకుంది. గట్టిగానే చెప్పింది," అంది. వలి మోకు పక్కన పెట్టి ఊపిరి వదిలాడు. "ఇంకొకటి కూడా అడిగింది. పెండ్లిలో తన పక్కన మేనత్త కూర్చోవాలంట. పిలుస్తావా, పిలవవా అది నీ ఇష్టమని చెప్పమంది."

వలి లేచి, ఎద్దుల్ని విప్పుకొచ్చి, తానే బండి కట్టాడు. ముగ్గురూ ఒకే బండిలో ఉదయగిరి దారి పట్టారు.

వాళ్ళు చేరేసరికి జైతూన్‌బీ వసారా ఊడుస్తోంది. మాబున్ని బడి నుంచి వచ్చి గడప మీద కూర్చుని పలక మీద లెక్కలు వేస్తోంది. వలి బండి దిగి, మేనకోడల్ని చూశాడు. మూట పట్టుకొని కూర్చున్న పిల్ల ఇంత పెద్దదైందా అన్నట్టు చూస్తూ నిలబడిపోయాడు. ఆ పిల్ల అతన్ని గుర్తుపట్టలేదు.

"ఎవురు కావాల?" అని అడిగింది.

జైతూన్‌బీ చీపురు గోడకు ఆనించి, "మీ మామ. లేచి సలాం చెయ్యి," అంది.

మాబున్ని లేచి సలాం చేసింది. వలి చెయ్యి చాచి, ఆ పిల్ల తల మీద పెట్టి, అలాగే కాసేపు ఉంచాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు.

"పెండ్లికి రా," అన్నాడు.

"ఇద్దరం వస్తాం," అంది జైతూన్‌బీ.

"ఇద్దరూ రావాల," అన్నాడు వలి.